ఫోన్లో పోతన భాగవతం చదువుకోవడం ఎలా: ఒక్క పద్యంతో మొదలుపెట్టి

మా నాయనమ్మకి గజేంద్ర మోక్షం పద్యాలు చాలావరకు నోటికి వచ్చేవి. బడికి వెళ్లిన మనిషి కాదు, వాళ్ల ఊళ్లో ఎవరో చదువుతుంటే విని విని పట్టేసింది. పొద్దున్నే బియ్యం ఏరుతూ "లావొక్కింతయు లేదు" అని ఎత్తుకునేది. ఒకసారి నేను "నాయనమ్మా, ఠావుల్ దప్పెను అంటే ఏంటి" అని అడిగితే "ఏమో రా, ఏనుగు ఏడుస్తుంది, అంతవరకు తెలుసు" అంది. అర్థం అడగాలంటే అప్పట్లో పంతులు గారి దగ్గరికి వెళ్లాలి, ఆయనకి తీరిక ఉండాలి, ఈవిడకి అడిగే ధైర్యం ఉండాలి, రెండూ ఎప్పుడూ కుదరలేదు. ఇవాళ అదే పద్యం ఫోన్లో తెరిస్తే ప్రతిపదార్థం, భావం, పాడిన ఆడియో, నాలుగైదు నిఘంటువులు అన్నీ పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి, అయినా మనలో చాలామంది రెండు రోజులు చదివి మానేస్తున్నాం. ఎందుకంటే పద్యంలో కనిపించిన మాటని ఉన్నదున్నట్టు నిఘంటువులో కొడితే దొరకదు, దొరక్కపోయేసరికి ఇది మనవల్ల అయ్యే పని కాదు అనుకుంటాం. అవుతుందండి. చిన్న చిన్న కిటుకులు ఓ ఐదారు తెలిస్తే చాలు, అవి చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందు ఎక్కడ మొదలుపెట్టాలి

భాగవతం పన్నెండు స్కంధాలు. చాలామంది మొదటి స్కంధం మొదటి పద్యం నుంచి వరసగా చదువుదామని కూర్చుని అక్కడే ఆగిపోతారు. నా మాట విని ఎనిమిదో స్కంధంలో గజేంద్ర మోక్షం తెరవండి. కథ అందరికీ తెలిసిందే, కొన్ని పద్యాలు స్కూల్లో కంఠతా పట్టినవే, చెవికి అలవాటైన దానిలో అర్థం వెతకడం సులువు. అది అయ్యాక అదే స్కంధంలో వామన చరిత్ర, తర్వాత ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు, ఆ తర్వాత పదో స్కంధంలో రుక్మిణీ కల్యాణం. ఇంకో విషయం, పన్నెండు స్కంధాలూ పోతన గారు ఒక్కరే రాసినవి కావు. ఐదోది గంగన, ఆరోది సింగన, పదకొండు పన్నెండు నారయ రాశారు, కాబట్టి చదువుతుంటే ధోరణి మారినట్టు అనిపిస్తే మీ తప్పు కాదు, చేయి నిజంగానే మారింది.

పాఠం కోసం తెలుగుభాగవతం.ఆర్గ్ అనే సైటు ఉంది. భాగవతం మీద ప్రేమతో నడుస్తున్న పని అది, మొత్తం గ్రంథం ఉంది, పద్యానికి టీక (అంటే మాట మాటకీ అర్థం), భావం ఉన్నాయి, ఆడియోలు ఉన్నాయి. ప్రతి పద్యానికీ ఒక నంబరు ఉంటుంది, ఉదాహరణకి 8-73-ఉ. అంటే ఎనిమిదో స్కంధం, 73వది, ఉత్పలమాల. మ అంటే మత్తేభం, శా అంటే శార్దూలం, చ అంటే చంపకమాల, సీ అంటే సీసం, వ అంటే వచనం. ఈ నంబరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బస్తీ మొత్తానికి ఇంటి నంబర్లు వేసినంత పని, ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు "ఆ పద్యం ఉంది చూడు, ఏనుగు అంటుందే" అని వర్ణించక్కర్లేదు, 8-90 అంటే అయిపోయింది.

ఫోన్ సిద్ధం చేసుకోవడం

ఇది ఒక్కసారి పని, పావుగంట.

గూగుల్ వాళ్ల కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు కలుపుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు అయ్యేది ఒకటి, నేరుగా తెలుగు అక్షరాలది ఒకటి, వేలితో రాసేది ఒకటి ఉంటాయి. పెద్దవాళ్లకైతే వేలితో రాసేదే పెట్టండి, మా పెద్దమ్మకి అది చూపించాకే ఫోన్లో తెలుగు వెతకడం అలవాటైంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అందులో అక్షరాల సైజు పెంచుకోవచ్చు, పద్యంలో ఒత్తులు, అరసున్నలు (ఁ) సరిగ్గా కనపడాలంటే సైజు పెద్దగా ఉండాల్సిందే. తర్వాత భాగవతం సైటు, ఆంధ్రభారతి నిఘంటు శోధన పేజీ, ఈ రెండింటినీ హోమ్ స్క్రీన్ మీద పెట్టేసుకోండి, రోజూ వెతుక్కునే పని ఉండదు. ఊళ్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు అనుకునేవాళ్లు వారానికి సరిపడా పేజీలు ప్రింట్ ఆప్షన్‌లోకి వెళ్లి పీడీఎఫ్‌గా దాచుకుంటే సరిపోతుంది.

ఇరవై ఏళ్ల కిందట ఇంటర్నెట్‌లో తెలుగు చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒక్కో సైటుకి ఒక్కో ఫాంట్, ఆ ఫాంట్ మన కంప్యూటర్లో లేకపోతే పేజీ అంతా పిచ్చి గుర్తులు. ప్రతి అక్షరానికీ అన్ని చోట్లా ఒకే కోడ్ ఉండే యూనికోడ్ అందరూ వాడటం మొదలయ్యాకే తెలుగులో వెతకడం, కాపీ చేయడం, ఒక చోటి మాటని ఇంకో చోట అతికించడం కుదిరింది, ఇప్పుడు మనం చేయబోయే పనంతా దాని మీదే నిలబడి ఉంది.

వినండి, చదవకండి

మొదటి రోజు పద్యాన్ని చదవకండి, మూడు నాలుగు సార్లు వినండి అంతే. చూస్తూ వినండి. పాడేవాళ్లు ఎక్కడ ఆగుతున్నారో అక్కడ మాట విరుగుతుంది అనుకుంటాం గానీ అలా కాదు, పద్యపాదం చివర మాట సగంలో తెగి తర్వాతి పాదంలోకి పోతుంది, ఆ సంగతి కాసేపట్లో చూద్దాం. వినడం ఎందుకంటే నడక చెవిలో పడితే తర్వాత విడదీసేటప్పుడు ఎక్కడ తప్పు చేశామో చెవే చెప్తుంది.

ఫోన్లో టెక్స్ట్‌ని చదివి వినిపించే గొంతు కూడా తెలుగులో ఉంది. దాన్ని పద్యానికి వాడకండి, వినలేం, నడక ఉండదు. భావానికి, వచనానికి మాత్రం బాగా పనికొస్తుంది. చూపు తగ్గిన పెద్దవాళ్లకి టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ఫోన్ సదుపాయం) పెట్టి భావం వినిపించండి, పద్యానికి మనిషి పాడిన ఆడియో పెట్టండి.

అసలు పని: పద్యాన్ని విడదీయడం

ఇక్కడే ఎక్కువసేపు కూర్చోవాలి. 8-73 తీసుకుందాం, గజేంద్రుడు మొదట ప్రార్థించే పద్యం.

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వని యందు డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం
బెవ్వఁ డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు సర్వముఁ దానయైన వాఁ
డెవ్వఁడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేఁడెదన్

దీన్ని కాపీ చేసి ఒక నోట్‌లో పేస్ట్ చేసుకోండి. టీక ఇప్పుడే తెరవద్దు. ముందు మీరే విడదీయండి, తర్వాత టీకతో సరిచూసుకోండి, ఈ వరస మార్చొద్దు, టీక ముందే చూసేస్తే కళ్లు అవునవును అంటాయి గానీ బుర్రకి ఏమీ ఎక్కదు.

మొదటి కిటుకు, పాదం చివరలు కలపండి. రెండో పాదం చివర "మూలకారణం", మూడో పాదం మొదట "బెవ్వఁడు". బెవ్వడు అనే మాట లేదు కదా. కలిపి చదవండి, మూలకారణంబెవ్వఁడు, అంటే మూలకారణంబు, ఎవ్వఁడు. అలాగే మూడో పాదం చివర "వాఁ", నాలుగో దాని మొదట "డెవ్వఁడు", కలిపితే వాఁడు, ఎవ్వఁడు. పద్యం కష్టం అనుకునేవాళ్లలో సగం మంది కష్టం ఇదొక్కటే అని నా అనుభవం.

రెండోది, మధ్యలో అచ్చు అతుక్కున్న చోట విప్పండి. జగ మెవ్వని అంటే జగము, ఎవ్వని. లోపల నుండు అంటే లోపలన్, ఉండు. వాని నాత్మభవు నీశ్వరు నే అనేది చూడ్డానికి భయంగా ఉంటుంది, విప్పితే వానిన్, ఆత్మభవున్, ఈశ్వరున్, నే. ఆ "న్" లన్నీ మనం ఇప్పుడు వాడే "ని" లాంటివే, వాడిని, ఆత్మభవుడిని, ఈశ్వరుడిని, నేను.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. "డిందుఁ బరమేశ్వరుఁడు" అని ఉంది. నిఘంటువులో "బరమేశ్వరుడు" కొడితే రాదు. చివర న్ ఉన్న మాట, అది ఒక్కోసారి అరసున్నగానో నిండు సున్నగానో కనిపిస్తుంది, దాని తర్వాత వచ్చే మాట మొదటి అక్షరం మారుతుంది. క గ అవుతుంది, చ జ, ట డ, త ద, ప బ. సరళాదేశ సంధి అని పదో తరగతిలో చదివి మార్కుల కోసం బట్టీ పట్టి మర్చిపోయిందే ఇది. మనం వెనక్కి నడవాలి, బ కనిపిస్తే ప పెట్టి చూడాలి. బరమేశ్వరుడు అంటే పరమేశ్వరుడు. "సర్వముఁ దానయైన" లో దాన అంటే తాన, అంటే సర్వమూ తానే అయినవాడు. "సిరికిం జెప్పడు" అంటే సిరికిన్ చెప్పడు. అదే పద్యంలో "పరివారంబునుఁ జీరఁడు" అని వస్తుంది, జీరడు అని వెతికితే ఏమీ దొరకదు, చీరఁడు అనుకుంటే చీరు అనే క్రియ దొరుకుతుంది, పిలవడం అని అర్థం. లక్ష్మీదేవికి చెప్పలేదు, పరివారాన్ని పిలవలేదు, ఏనుగుని కాపాడటానికి విష్ణువు అలా పరిగెత్తాడట. ఒక్క అక్షరం మార్చుకున్నందుకు బొమ్మ మొత్తం కళ్లముందుకి వస్తుంది.

దీనికి ఒక చెల్లెలు ఉంది, గసడదవాదేశం, అక్కడ చ స అవుతుంది, ప వ అవుతుంది, వారు పోరు అనేది వారు వోరు అయినట్టు. కాబట్టి స, వ తో మొదలైన మాట అర్థం కాకపోతే చ, ప పెట్టి కూడా ఒకసారి చూడండి.

నాలుగోది, చివర "ంబు" ఉంటే "ము" చేయండి. శరణంబు శరణము, పురంబు పురము, ప్రాణంబులు ప్రాణములు. క్రియ అయితే తోక తీసేయండి, వేఁడెదన్ నుంచి వేఁడు.

ఇవన్నీ చేశాక ఈ పద్యంలో తెలియని మాట నిజానికి ఒక్కటే మిగులుతుంది, డిందు. అణగిపోవడం, లీనమైపోవడం. ఈ జగత్తు ఎవడి వల్ల పుట్టింది, ఎవడి లోపల ఉంది, ఎవడిలో కలిసిపోతుంది. ఎంత తేట తెలుగు చూడండి.

నిఘంటువు దగ్గర

ఆంధ్రభారతిలో ఒక్క మాట కొడితే చాలా నిఘంటువులు ఒకేసారి వెతుకుతుంది. 1885 నాటి శబ్దరత్నాకరం, పెద్ద సూర్యరాయాంధ్ర నిఘంటువు, 1852లో వచ్చిన బ్రౌన్ దొర తెలుగు ఇంగ్లీషు నిఘంటువు ఇవన్నీ అందులో ఉన్నాయి. ఈ పుస్తకాలు విడిగా కొని ఇంట్లో పెట్టుకోవాలంటే ఒక బీరువా కావాలి. పిల్లలు ఇంగ్లీషు మీడియం అయితే వాళ్లకి బ్రౌన్ చూపించండి, త్వరగా పట్టుకుంటారు. మీరు మాత్రం శబ్దరత్నాకరంతో మొదలుపెట్టి, అక్కడ అర్థంగా ఇచ్చిన మాట కూడా తెలియకపోతే దాన్ని మళ్లీ వెతకండి.

దొరకనప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అరసున్న, ఁ, పాత పుస్తకాల్లో ఉంటుంది, మనం కొట్టేటప్పుడు ఉండదు, వాఁడు వేరు వాడు వేరు అనుకుంటుంది మెషీను. అలాగే బండి ఱ, మొఱ అని ఉన్నదాన్ని మొర అని వెతికితే కొన్ని చోట్ల పలకదు. కీబోర్డ్‌లో ఁ దొరకకపోతే పద్యంలోంచే కాపీ చేసుకోండి, లేదంటే పద్యాన్ని వెతికేటప్పుడు అరసున్న లేని ముక్క మాత్రమే వెతకండి, వేఁడెదన్ అనేదానికి బదులు "శరణంబు" అని. పొల్లు అక్షరం పక్కన కంటికి కనిపించని గుర్తు ఒకటి కూర్చుని ఉంటుంది ఒక్కోసారి, దానివల్ల కూడా వెతికింది దొరకదు, మాట చివర న్ వదిలేసి వెతికితే పని అయిపోతుంది.

ఇంకొకటి, "అల వైకుంఠపురంబులో" అని గూగుల్ చేస్తే ముందు సినిమా పాటలే వస్తాయి. పద్యం మధ్య ముక్క కొట్టండి, "నగరిలో నా మూల సౌధంబు" అని, నేరుగా పద్యం దగ్గరికి తీసుకెళ్తుంది. ఏ పద్యానికైనా ఇదే పద్ధతి, మొదటి మాటలు కాదు, మధ్య మాటలు.

ఛందస్సు, ఉన్న పాఠం సరైనదో కాదో తేల్చడానికి

ఛందం అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పద్యం అతికిస్తే ఇది ఏ వృత్తం, గణాలు ఏంటి, యతి ప్రాస కుదిరాయా లేదా చెప్పేస్తుంది. ఛందస్సు నేర్చుకోవాలని లేకపోయినా ఇది వాడండి, ఎందుకంటే వాట్సాప్‌లో వచ్చే పద్యాల్లో అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, భ ర న భ భ ర వ అనే గణాలు. పైన పద్యంలో మొదటి పాదం లెక్కపెట్టండి, ఎవ్వని, చేజనిం, చుజగ, మెవ్వని, లోపల, నుండులీ, నమై, సరిగ్గా ఇరవై. పదో అక్షరం "మె", అందులో ఉన్న ఎ మొదటి అక్షరం ఎ తో యతి కలిసింది. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ వ్వ, అది ప్రాస. కాపీ చేసినప్పుడు ఎక్కడైనా ఒక అక్షరం జారిపోతే గణం విరిగిపోతుంది, సాఫ్ట్‌వేర్ అక్కడే పట్టుకుంటుంది. అంటే వందల ఏళ్ల కిందట పోతన గారు పెట్టిన కొలతే ఇవాళ మన పాఠానికి కాపలా కాస్తోంది, నాకైతే ఇది తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

సంస్కృత మూలం పక్కన పెట్టి చూడటం

ఇది రెండో నెలలో చేయండి, తొందరలేదు. మూలంలో ఇదే ఘట్టం అష్టమ స్కంధం రెండు నుంచి నాలుగు అధ్యాయాల్లో ఉంది. మనం చూసిన పద్యానికి మూలం మూడో అధ్యాయం మూడో శ్లోకం, "యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయం". దేవనాగరి చదవడం రాకపోతే అక్షరముఖ అనే సైటులో అతికించి తెలుగు లిపిలోకి మార్చుకోండి, సంస్కృతం రాకపోయినా చాలా మాటలు మన మాటలే అని అప్పుడు తెలుస్తుంది. శ్లోకం చివర "ప్రపద్యే స్వయంభువం" అని ఉంటుంది, స్వయంభువం దగ్గర పోతన ఆత్మభవు అన్నాడు, ప్రపద్యే దగ్గర శరణంబు వేఁడెదన్ అన్నాడు. అక్కడ రెండు పంక్తుల్లో బిగించిన దాన్ని ఇక్కడ ఎవ్వడు ఎవ్వడు అని అడుగుతూ విప్పాడు. ఇది ఎవరో చెప్తే వినడం వేరు, మన కళ్లతో రెండూ పక్కపక్కన పెట్టి చూడటం వేరు.

గీత చదివేవాళ్లకి ఐఐటీ కాన్పూర్ వాళ్ల గీతా సూపర్‌సైట్ ఉంది, 700 శ్లోకాలూ ఉన్నాయి, శంకరులు, రామానుజులు లాంటి వాళ్ల భాష్యాలు ఒకే పేజీలో, శ్లోకాన్ని తెలుగు లిపిలోనే చూడొచ్చు. మా పక్కింటి అక్క చర్చికి వెళ్తుంది, ఆవిడ యూవెర్షన్ యాప్‌లో తెలుగు బైబిల్ తెరిచి రోజుకో వాక్యానికి రంగు వేసుకుని కింద నోట్స్ రాసుకుంటుంది, ఆ అలవాటు ఆవిడ దగ్గరే నేర్చుకున్నా నేను.

పాత పుస్తకాల స్కాన్లు

ఆర్కైవ్.ఆర్గ్‌లో తెలుగు పాత పుస్తకాలు చాలా ఉన్నాయి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా ఉంటాయి కాబట్టి రెండు మూడు స్పెల్లింగులతో వెతకాలి. టీటీడీ వాళ్ల ఈబుక్స్ సైటులో కూడా ఉచితంగా పుస్తకాలు ఉన్నాయి. స్కాన్ పేజీ బొమ్మ కాబట్టి అందులో మాట వెతకలేం, గూగుల్ లెన్స్‌తో ఫోటో తీస్తే అక్షరాలుగా మారుస్తుంది, కానీ థ ధ, ప వ లాంటివి తారుమారు అవుతాయి, అరసున్నలు పోతాయి. మార్చాక అసలు పేజీతో ఒకసారి పోల్చుకోవాలి. ఇలా పోల్చి సరిదిద్దిన పుస్తకాలు తెలుగు వికీసోర్స్‌లో ఉన్నాయి, ఓపిక ఉన్నవాళ్లు రోజుకో పేజీ అక్కడ సరిదిద్దవచ్చు, దానికి పండితులు కానక్కర్లేదు.

ఏఐ చాట్‌బాట్‌ని అడగొచ్చా

అడగొచ్చు, కానీ ఒక్క షరతు మీద. పద్యం మీరు ఇవ్వాలి, దాన్ని అడగకూడదు. "ఫలానా ఘట్టంలో పద్యం చెప్పు" అంటే లేని పద్యాన్ని అచ్చం ఉన్నట్టు రాసి ఇస్తుంది, నాకు ఒకసారి అలా వచ్చిన నాలుగు పాదాలు నిజమే అనుకుని గ్రూపులో పెట్టి, తర్వాత నంబరు కోసం వెతికితే ఎక్కడా లేదు, అందరికీ క్షమాపణ చెప్పుకున్నా. పాఠం, టీక రెండూ మీరే అతికించి "దీన్ని మామూలు మాటల వరసలో పెట్టు, పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా చెప్పు" అంటే బాగా సాయం చేస్తుంది. సంధులు విడదీయమంటే తప్పులు పోతుంది, అది మీ పని, మీరే చేయండి.

ఎవరితో చదవాలి

ఒంటరిగా అయితే నెల దాటడం కష్టం. ఐదుగురు చాలు, వాట్సాప్ గ్రూపు పెట్టుకుని రోజుకో నంబరు, అంతే, గుడ్ మార్నింగ్ బొమ్మలు వద్దు అని మొదటి రోజే చెప్పేయండి. ఒకరు చదివి వాయిస్ పంపాలి, ఇంకొకరు విడదీసి రాయాలి, సందేహం ఉంటే రాసి ఉంచాలి, వారానికి ఒకసారి ఆ సందేహాలన్నీ తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఫోన్ చేసి అడగాలి. మా గ్రూపులో ఇద్దరు అమెరికాలో, ఒకరు బెంగుళూరులో, ఒకరు జనగామలో, పోతన గారి బమ్మెర ఆ జిల్లాలోనే. కాగితం పుస్తకం ఒకటి కూడా పెట్టుకోండి, పద్యం నంబరు, కొత్త మాట, దాని అర్థం చేత్తో రాస్తే నిలుస్తుంది, ఫోన్లో దాచినవి మళ్లీ చూడం.

రేపటికి 8-90-శా తెరవండి, మా నాయనమ్మ పద్యం. "లావొక్కింతయు లేదు" లో లావు అంటే ఒళ్లు కాదు, బలం. "విలోలంబయ్యెఁ బ్రాణంబులున్" లో బ ని ఏం చేయాలో, "మూర్ఛ వచ్చెఁ దనువున్" లో ద ని ఏం చేయాలో మీకు తెలుసు ఇప్పుడు. "ఠావుల్" మాత్రం నిఘంటువులో మీరే వెతకండి, ఠావు అని కొట్టాలి.